ప్రజాహితార్థం, మీ తాళాలాయన

ప్రజల మేలు కోరడానికి పైసా ఖర్చు లేదని తెలిసిన మరుక్షణం నుంచి ఆ నగరంలో ప్రజల మేలు కోరని మనిషి దొరకడం గగనమైపోయింది.

ఇదంతా నగర రేడియో చలవ. ఆ రేడియో ఇళ్ళలో కన్నా బయటే ఎక్కువ మోగుతుంది. సిటీ బస్సుల్లో, ఆస్పత్రి వరండాల్లో, పన్నులు కట్టే క్యూల్లో, కూడళ్ళలో స్తంభాలకు కట్టిన స్పీకర్లలో, అంటే మనిషి లేచి వెళ్ళిపోవడానికి వీల్లేని ప్రతి చోటా అది ఉంటుంది. అందులో వ్యాపార ప్రకటన వేయించుకోవాలంటే ఆస్తులు అమ్ముకోవాలి. ప్రజాహిత ప్రకటన అయితే మాత్రం ఉచితం. పైగా చివర్లో "ప్రజాహితార్థం జారీ చేసినవారు ఫలానా" అని పేరు కూడా చెప్తారు. మేలు కోరినవాడి పేరు చెప్పకపోతే మర్యాదగా ఉండదని ఆ నిబంధన రాసిన పెద్దమనిషి ఉద్దేశం. (ఆ పెద్దమనిషి రిటైరయ్యాక పరుపుల షాపు పెట్టుకున్నాడు. ఈ రెండిటికీ ఏ సంబంధమూ లేదని ఆయనే ఒక ప్రజాహిత ప్రకటనలో వివరణ ఇచ్చాడు.)

మొదట మేలు కోరింది ఆ పరుపుల షాపే. "మీ జీవితంలో మూడోవంతు నిద్రలో గడుస్తుంది. ఆ సమయంలో మీ వెన్నెముక ఏం చేస్తోందో మీకు తెలుసా?" అని అడిగింది. జనానికి తెలీదు. తెలీనందుకు సిగ్గుపడి పరుపులు కొన్నారు. అది చూసి కళ్ళజోళ్ళ షాపుకి ప్రజల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "ఎదురుగా వస్తున్నది మీ భార్యేనని ఖచ్చితంగా చెప్పగలరా?" అంది. "గోడలకీ ఆత్మాభిమానం ఉంటుంది" అని పెయింట్ల షాపు కంటతడి పెట్టింది. ఫోటో స్టూడియో వాళ్ళు మరీ సూటిగా, "ఎవరూ శాశ్వతం కాదు, ఈ ఆదివారమే కుటుంబమంతా రండి" అన్నారు.

ఈ మేలు అంతా అడ్డూ అదుపూ లేకుండా పారకూడదని ప్రభుత్వం ఒక ప్రజాహిత పరిశీలన విభాగాన్ని పెట్టింది. దానికి అధికారి ఒక మేడం. ఆవిడ నిజాయితీకి మారుపేరు. దరఖాస్తుదారులు తెచ్చిన టీ వాసన కూడా పీల్చదు. ఆవిడ కుర్చీ వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో విభాగం సూత్రం రాసి ఉంటుంది. "ఒక భయం, ఒక సలహా, ఒక పేరు." భయం లేకపోతే సలహా ఎవరూ వినరు, సలహా లేకుండా భయపెట్టడం నేరం, పేరు లేకపోతే అసలు ఎవరూ ప్రకటనే ఇవ్వరు. ఇంత లోతైన పాలనా తత్వం ఇంకే ఆఫీసు గోడ మీదా కనపడదు.

మేడం చాలా ఖండితమైన మనిషి. పేరు తప్ప ఒక్క ముక్క ఎక్కువ చెప్పనివ్వదు. చిరునామా చెప్పకూడదు, ఫోన్ నంబరు చెప్పకూడదు, తగ్గింపు ధరల ఊసెత్తకూడదు. వ్యాపారులు ఈ నిబంధనని తు.చ. తప్పకుండా పాటించారు. పాటించి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళి షాపుల పేర్లు మార్చుకున్నారు. పరుపుల షాపు ఇప్పుడు చట్టబద్ధంగా "రైలు గేటు పక్కన పాతది తెస్తే సగం ధరకే కొత్తది ఇచ్చే పరుపుల షాపు". కళ్ళజోళ్ళ షాపు పేరు చదవడానికి కళ్ళజోడు కావాలి.

ఇలాంటి ఊళ్ళో ఎవరి మేలూ కోరకుండా తన మానాన తాను బతుకుతున్నవాడు తాళాలాయన ఒక్కడే.

తాళాలాయన షాపు రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత. గుమ్మంలో తాళంచెవులు కోసే మిషను, దాని చుట్టూ ఇత్తడి పొడి, వెనక గోడంతా మేకులు, మేకులకు తాళంచెవులు. ఆయనకొక అలవాటు. తాళం అమ్మే ముందు దాని చెవితో ఒకసారి తీసి, వేసి చూపిస్తాడు. ఆ తర్వాత మేకు మీది నుంచి వేరే చెవి తీసి, అదే తాళంలో పెట్టి తిప్పుతాడు. తిరగదు. "చూశారా, తిరగలేదు" అంటాడు సంతోషంగా. తన చెవితో తెరుచుకోవడం తాళానికి సగం పనేనని, పరాయి చెవితో తెరుచుకోకపోవడమే అసలు సగమని ఆయన నమ్మకం. కొనడానికి వచ్చినవాళ్ళకి ఇది చాదస్తంలా అనిపించేది. పెద్దగా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు కాబట్టి పెద్దగా ఎవరికీ అనిపించలేదు.

నిజం చెప్పాలంటే షాపు మూసేసే స్థితిలో ఉంది. ఆ నగరంలో దొంగలు లేరు. ఉన్నా వాళ్ళకీ పరుపులు కొనడంతోనే సరిపోతోంది. తాళాలాయన పొద్దస్తమానం ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు. ఇంట్లో సంపాదన భార్యది. ఆవిడ కాన్పుల ఆస్పత్రిలో నర్సు. ఆ ఆస్పత్రిలోనూ రేడియో ఉంది. అక్కడ పుట్టే పిల్లలు తల్లి గొంతు కన్నా ముందు వెన్నెముక గురించి వింటారు.

చివరికి ఆవిడ తన తమ్ముణ్ణి పిలిపించింది. తాళాలాయన బామ్మర్ది నగరంలో పేరు మోసిన ప్రజాహిత రచయిత. గోడలకి ఆత్మాభిమానం ఉందని కనిపెట్టింది అతనే.

"బావా, ఒక ప్రకటన ఇవ్వొచ్చుగా?" అన్నాడు వస్తూనే.

"నా తాళం మంచిదని నా నోటితో నేనే చెప్పుకోవాలా? నా వల్ల కాదు."

"నువ్వసలు తాళం ఊసే ఎత్తొద్దు. తాళం గురించి చెప్తే వ్యాపారం. దొంగ గురించి చెప్తే ప్రజాహితం."

"ఈ ఊళ్ళో దొంగలెక్కడున్నార్రా?"

"లేరు కాబట్టే జనం నిర్లక్ష్యంగా ఉన్నారు. అది ఎంత ప్రమాదం చెప్పు!"

తాళాలాయన సాయం కోసం భార్య వంక చూశాడు. ఆవిడ డ్యూటీకి చీర సర్దుకుంటూ, "వీడి మాటలు నాకూ నచ్చలేదండీ. కానీ షాపు మూసేసి మీరు దిగాలుగా ఇంట్లో కూర్చుంటే అది అసలే చూడలేను" అంది. తాళాలాయన సరేనన్నాడు.

బామ్మర్ది అక్కడికక్కడే రాసిచ్చాడు. "మీరు ఇంట్లో లేనప్పుడు మీ ఇంట్లో ఎవరున్నారు? ఒక్కసారి ఆలోచించండి. ఇంటికి వెళ్ళగానే తలుపు చూసుకోండి. ప్రజాహితార్థం జారీ చేసినవారు, తాళాల షాపు."

మేడం దాన్ని రెండుసార్లు చదివింది. తాళాలాయన నిలబడి చెమటలు తుడుచుకున్నాడు.

"భయం చాలా బాగుంది. సలహా పరవాలేదు. పేరే కాస్త పలచగా ఉంది. అది మీ ఇష్టం అనుకోండి."

"ఊళ్ళో దొంగలు లేరు మేడం," అన్నాడు తాళాలాయన. మనసులో ఉన్నది దాచుకోవడం ఆయనకి చేతకాదు.

బామ్మర్ది కాలు తొక్కాడు. మేడం మాత్రం ఏమీ కంగారు పడలేదు. "దొంగ ఉన్నాడని మీరు చెప్పలేదు కదండీ. ఎవరున్నారు అని అడిగారు, అంతే. ప్రశ్నకి ఆధారాలు చూపించమనే నిబంధన మా దగ్గర లేదు" అని ముద్ర వేసింది.

మర్నాటి నుంచి నగరం స్వరూపం మారిపోయింది. బస్సులో కూర్చున్నవాళ్ళు తమ ఇంట్లో ఎవరున్నారా అని ఆలోచించడం మొదలుపెట్టి, దిగాల్సిన స్టాపు దాటిపోయారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆఫీసులు ఖాళీ. తలుపు చూసుకురావడానికి గంటసేపు అనుమతి ఇవ్వాలని ఉద్యోగ సంఘాలు కోరాయి. ఇంట్లో ఎవరో ఉన్నట్టు అలికిడి అవుతోందని పోలీసు స్టేషనుకి ఫోన్ల మీద ఫోన్లు. పోలీసులు పరుగున వెళ్ళి చూస్తే అత్తగారు. అయినా పోలీసు శాఖ ఈ చైతన్యాన్ని మెచ్చుకుంది. ప్రకటన వచ్చిన నెలలోనే దొంగతనాల సంఖ్య సున్నా నుంచి సున్నాకి పడిపోయిందని నివేదిక ఇచ్చింది.

తాళాల షాపు ముందు క్యూ వీధి మలుపు దాటింది. తలుపుకి ఒక తాళం చాలనుకున్నవాళ్ళు రెండు అడిగారు. తలుపు లేనివాళ్ళు తలుపు పెట్టించుకుని మరీ వచ్చారు. బామ్మర్ది ఇదే అదనని షాపు పేరు "పిలిస్తే ఇంటికొచ్చి బిగించే తాళాల షాపు" అని మార్పించాడు. సరుకు అయిపోతే, ఎక్కడో దూరాన ఉన్న ఫ్యాక్టరీకి తానే ఫోన్ చేసి లారీడు తాళాలు తెప్పించాడు. తాళాలాయన పొద్దున్న నిచ్చెన బల్ల, మరలు తిప్పే పనిముట్లు పట్టుకుని బయల్దేరితే పొద్దుపోయే దాకా బిగింపులే. ప్రతి తాళాన్నీ దాని చెవితో ఒకసారి తీసి, వేసి, ఇంటివాళ్ళ చేతికిచ్చి, పక్కింటికి పరుగు. వేరే చెవి పెట్టి తిప్పి చూపించడానికి తీరిక ఎక్కడిది? మనశ్శాంతి కూడా లేదు గానీ, తీరిక లేకపోవడంతో ఆ సంగతి ఆయన గమనించలేదు.

గమనించేలా చేసింది ఒక పెద్దమనిషి. అపార్టుమెంట్లో నాలుగో అంతస్తులో ఉంటాడు. ఒక రోజు పనిగట్టుకుని షాపుకి వచ్చి, తాళాలాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఏం తాళాలండీ మీవి! వెన్నలా తిరుగుతున్నాయి. నిన్న పరధ్యానంగా లిఫ్టులో మూడో అంతస్తులోనే దిగిపోయాను. మా ఇల్లే అనుకుని చెవి పెట్టి తిప్పా. ఎంత సాఫీగా తెరుచుకుందో! సోఫాలో కూర్చుని చెప్పులు కూడా విప్పేశాను. వాళ్ళూ బంధువునేమో అనుకుని టీ ఇచ్చారు. మంచి మనుషులు."

తాళాలాయన నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ పెద్దమనిషిని పంపించేసి, తన జేబులో ఉన్న షాపు చెవి పట్టుకుని, వీధి చివర ఉన్న టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. షాపుకీ కొత్త సరుకులోని తాళమే వేశాడు, టీచరమ్మ ఇంటికీ అదే సరుకు. ఆవిడ ఉద్యోగం మానేసి చాలాకాలమైంది, ఒక్కతే ఉంటుంది. తలుపు వేసి ఉంది. తాళాలాయన దేవుడికి దండం పెట్టుకుని చెవి తిప్పాడు. తెరుచుకుంది.

"రా నాయనా. తలుపు వేయడం మర్చిపోయానా?" అంది టీచరమ్మ కుర్చీలోంచే.

"లేదమ్మా, వేసే ఉంది," అన్నాడు తాళాలాయన.

సాయంత్రానికి సంగతి తేలింది. ఫ్యాక్టరీలో రెండు రకాల తాళాలు చేస్తారు. దేని చెవి దానికే ఉండేవి ఒక రకం. హాస్టళ్ళకీ గోడౌన్లకీ పనికొచ్చేలా అన్నిటికీ ఒకే చెవి పట్టేవి రెండో రకం. మొదటి రకానికి కొన్ని వారాలు ఆగాలన్నారు, రెండోది ఆ పూటే లారీ ఎక్కిస్తామన్నారు. బామ్మర్దికి తాళాల గురించి తెలిసింది తాళం అనే మాట ఒక్కటే.

"ఆగితే జనం చల్లబడిపోతారు బావా. భయం వేడిగా ఉన్నప్పుడే సరుకు దింపాలి. అందుకని వెంటనే వచ్చేదే పంపమన్నా," అన్నాడు నీళ్ళు నములుతూ. తర్వాత తేరుకుని, "అయినా ఇప్పుడేం కొంప మునిగింది? ఎవరి చెవి వాళ్ళ తలుపుకి పడుతోంది కదా. పక్కవాళ్ళ తలుపుకీ పడుతుందని మనం చెప్తే తప్ప ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలిసిందిగా," అన్నాడు తాళాలాయన.

"చెప్పావంటే షాపు పోతుంది. షాపే కాదు, పరువు కూడా."

తాళాలాయన మంచం మీద కూలబడ్డాడు. నగరంలో సగం ఇళ్ళ తలుపులు ఆయన చేతుల మీదుగానే బిగిశాయి. ఏ ఒక్క ఇంట్లో ఏ చిన్న ఘోరం జరిగినా ఆ పాపం తనదే. దొంగలు లేని ఊళ్ళో దొంగ భయం పెట్టి, ఆ భయానికి తలుపులు బార్లా తెరిచిపెట్టినట్టయింది. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఈ రోజు మా వార్డు నుంచి ఒకమ్మాయిని డిశ్చార్జ్ చేశాం. తొలిచూలు. మొగుడు ఊరూరా తిరిగే ఉద్యోగి. 'ఒక్కదాన్నే ఉన్నా భయం లేదు సిస్టర్, మీవారు తాళం బిగించారుగా' అంది. నవ్వుకుంటూ వెళ్ళింది."

తాళాలాయనకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కళ్ళు తుడుచుకుని లేచి, పాత సరుకులో మిగిలిన మంచి తాళం ఒకటి తీసుకుని ముందు ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి మార్చి వచ్చాడు.

"ఒక్కొక్క తలుపూ ఇలా మార్చుకుంటూ పోతే మీ జన్మ సరిపోదు," అంది భార్య. "రేడియోలో చెప్పి అమ్మారు. రేడియోలోనే చెప్పండి. షాపు పోతే పోనివ్వండి."

దేని చెవి దానికే ఉండే తాళాలు పంపమని ఫ్యాక్టరీకి చెప్పి, ఈసారి ప్రకటన ఆయనే రాసుకున్నాడు. "మా షాపులో ఈ మధ్య కొన్న తాళాలన్నీ ఒకే చెవితో తెరుచుకుంటున్నాయి. తప్పు నాదే. దయచేసి చెప్పి పంపండి, వేరే తాళం ఊరికే బిగిస్తాను. ఇట్లు, తాళాలాయన."

మేడం చదివి కళ్ళజోడు తీసింది. ఆవిడ సర్వీసులో అలాంటి ప్రకటన చూడలేదు.

"ఇందులో భయం ఉంది. కానీ ఇది నిజమైన భయం," అంది.

"అవును మేడం."

"నిజమైన భయాలు మా విభాగం పరిధిలోకి రావండీ. విపత్తుల విభాగానికి వెళ్ళాలి. కానీ వాళ్ళు వరద, తుఫాను తప్ప తీసుకోరు. మీది తాళం." ఆవిడ నిజంగానే కాసేపు బాధపడింది. "పైగా ఈ ప్రకటన వల్ల ఒక వ్యాపార సంస్థ పేరు దెబ్బతింటుంది. ఆ సంస్థకి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా కావాలి."

"ఆ సంస్థ నాదే మేడం."

"అయితే మీకు మీరే రాసివ్వండి."

తాళాలాయన అక్కడే నిలబడి తనకి అభ్యంతరం లేదని తనే తన పేరున రాసిచ్చాడు. మేడం దాన్ని పక్కన పెట్టింది. "ఇది ఇప్పుడే చెల్లదు. ముందు మీకు నోటీసు వెళ్ళాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి మీకు వారం గడువు ఇవ్వాలి. మీ హక్కు అది."

"నాకు అభ్యంతరం లేదని చెప్తున్నానుగా మేడం!"

"గడువు లోపల మీ మనసు మారొచ్చు. మిమ్మల్ని మీ నుంచి కాపాడాల్సిన బాధ్యత మాకుంది."

వారం రోజులు తాళాలాయన తన అభ్యంతరం కోసం తనే ఎదురుచూశాడు. అభ్యంతరం రాలేదు. (బామ్మర్ది ఆయన తరఫున ఒకటి పంపించాడు గానీ, సంతకం కలవలేదని విభాగం తిరస్కరించింది. నిబంధన నిబంధనే.) ఎనిమిదో రోజు మళ్ళీ వెళ్ళాడు.

"ఇంకొక్కటే చిక్కు," అంది మేడం. "తాళాలన్నీ ఒకే చెవితో తెరుచుకుంటాయని రేడియోలో చెప్తే దొంగలు కూడా వింటారు. దొంగలూ శ్రోతలే కదా. అందుకని భాష కొంచెం సవరించాం."

సవరించిన కాగితం తాళాలాయన చేతికిచ్చింది. అందులో ఇలా ఉంది. "మీ తాళం మీద మీకు నమ్మకం ఉందా? ఈ రోజే కొత్త నమ్మకాన్ని బిగించుకోండి. ప్రజాహితార్థం జారీ చేసినవారు, పిలిస్తే ఇంటికొచ్చి బిగించే తాళాల షాపు."

"ఇందులో అసలు విషయం ఏదీ మేడం?"

"విషయం మీ మనసులో ఉందిగా. అది చాలు. భాష మేం చూసుకుంటాం."

ప్రకటన రోజుకి పదిసార్లు మోగింది. తాళం వెనక్కి ఇవ్వడానికి ఒక్క మనిషి కూడా రాలేదు. రెండో తాళం కొనడానికి మాత్రం క్యూ కట్టారు.

"ఒకదాని మీద నమ్మకం ఉందా అని అడిగారుగా. ఆలోచిస్తే లేదండీ. రెండోది ఇవ్వండి," అన్నాడు ఒకాయన.

"రెండోది అమ్మను. మొదటిదే పనికిమాలింది, మార్చుకోండి," అన్నాడు తాళాలాయన.

అడిగినాయన తన పక్కవాడితో, "చూశావా ఈయన ప్రచారం! సరుకు తిట్టి అమ్ముతున్నాడు. ఇంత కొత్తగా ఎవడూ చేయలేదు," అన్నాడు. క్యూ చప్పట్లు కొట్టింది.

ఇక లాభం లేదని తాళాలాయన షాపు మూసి ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. తలుపు కొట్టడం, విషయం చెప్పడం, నమ్మకపోతే తన జేబులోని చెవితో వాళ్ళ తలుపు తీసి చూపించడం. జనం నోరెళ్ళబెట్టి చూశారు. చూసి, ఆయన హస్తవాసిని మెచ్చుకున్నారు. ఏ తాళమైనా ఆయన ముట్టుకుంటే చాలు తెరుచుకుంటుందని వీధి వీధంతా పాకింది. ఒకావిడ, "ఒక్క నిమిషం ఆగండి, మా చెల్లెల్ని పిలుస్తాను, మళ్ళీ తీసి చూపించండి" అంది.

"అమ్మా, ఇది నా గొప్ప కాదు. మీ పక్కింటాయన చెవితో కూడా మీ తలుపు తెరుచుకుంటుంది."

"మా పక్కింటాయన చాలా మంచివాడండీ. మీరు అనవసరంగా ఆయన్ని అంటున్నారు."

"నా మాట నమ్మండి. నిజంగా ప్రమాదం."

ఆవిడ నవ్వింది. "నిజంగా ప్రమాదమైతే రేడియోలో చెప్పేవాళ్ళు కదండీ?"

"చెప్పారమ్మా. రోజుకి పదిసార్లు చెప్తున్నారు."

"అదా! అది ప్రకటన కదా."

ప్రకటన అంటే నిజం కాదని ఆ నగరానికి నేర్పినవాళ్ళలో తానూ ఒకడు. అది ఆయనకి అప్పుడు బాగా అర్థమైంది.

వీధి చివర టీచరమ్మ ఒక్కతే ఆయన మాట మొత్తం విని, నమ్మింది. నమ్మి, తాళం మార్చొద్దంది.

"ఉండనీ నాయనా. ఒక్కదాన్నే ఉంటున్నాను. కాలు జారి పడితే తలుపు పగలగొట్టి వచ్చేదెవరా అని రోజూ దిగులుగా ఉండేది. ఇప్పుడు వీధిలో ఎవరైనా రాగలరన్నమాట. హాయిగా ఉంది."

తను చేసిన మొత్తం వ్యాపారంలో పనికొచ్చిన తాళం ఇదొక్కటేనేమో అనుకుంటూ, బల్ల చంకన పెట్టుకుని బయటికొచ్చాడు తాళాలాయన.

ఆ వారం చివర్లో మేడం దగ్గర్నుంచి ఫోను. ఆదివారం పొద్దున్న ఒకసారి విభాగం క్వార్టర్స్‌కి రావాలని, పనిముట్లు తెచ్చుకోమని. షాపు లైసెన్సు రద్దు చేస్తారేమో అని బామ్మర్ది బెంబేలెత్తిపోయాడు. తాళాలాయనకి మాత్రం ఆశ పుట్టింది. ఎంతైనా ఆవిడ అసలు ప్రకటన చదివిన మనిషి. ఊరికి జరుగుతున్న అన్యాయం ఆవిడ మనసుని తొలిచేసి ఉంటుంది.

మేడం స్వయంగా గుమ్మంలో నిలబడి ఉంది. ఇంటి బట్టల్లో ఆవిడ ఇంకా మర్యాదగా కనిపించింది.

"మా తలుపుకి కూడా మీ తాళమేనండీ. మార్చేయండి. అటు వరసలో మా గుమస్తా ఇల్లు, ఇటు ముద్రలు వేసే ఆయన ఇల్లు, మీ కాగితం టైపు చేసిన అమ్మాయి ఇల్లు. అన్నీ మార్చేయండి. ఎవరికీ చెప్పకండి. ప్రజలు భయపడతారు."

తాళాలాయన బల్ల ఎక్కి మరలు విప్పడం మొదలుపెట్టాడు. పక్క గదిలో మేడం భర్త రేడియో పెట్టాడు. పాట అయిపోయి, "మీ తాళం మీద మీకు నమ్మకం ఉందా?" అని గొంతు వినపడగానే, "ఆ గోల ఇంట్లో పెట్టొద్దని చెప్పానా!" అని మేడం లోపలికి కేకేసింది. రేడియో ఆగిపోయింది.

తాళాలాయన కొత్త తాళం బిగించి, దాని చెవితో తీసి, వేసి చూపించాడు. తర్వాత జేబులోంచి షాపు చెవి తీసి అదే తాళంలో పెట్టి తిప్పాడు. తిరగలేదు. మేడం ముఖంలో ఎంత నిశ్చింతో. ఆ నిశ్చింత చూసి ఆయనకి ధైర్యం వచ్చింది.

"మేడం, మీరు నమ్మారు కాబట్టి అడుగుతున్నా. మరి మిగతా ఊరి సంగతేంటి?"

మేడం కొత్త తాళంచెవి కొంగున ముడేసుకుంటూ ఆశ్చర్యంగా చూసింది.

"వాళ్ళ కోసం ప్రకటన వేస్తున్నాం కదండీ."